‘ఆడికీ’ అంటే ఎవరికి?

మూడేళ్ళుగా ఇంద్రజకి సోమ, బుధ, శుక్రవారాలంటే పలాసలో డయాలసిస్ మంచమే. నాలుగు గంటలు. ఎడమ చేతికి రెండు సూదులు. ఆ చెయ్యి కదపకూడదు. అంతకుముందు కాశీబుగ్గలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేది. వారానికి మూడు రోజులు రాని పంతులమ్మను ఏ బడి భరిస్తుంది? ఉద్యోగం పోయినా వ్యాకరణం మీద మమకారం పోలేదు. కుడిచేత్తో ఫోను పట్టుకుని లోజ్బాన్ నేర్చుకునేది. ఏ ఊరివాళ్ళదీ కాదు, కొందరు కూర్చుని తర్కబద్ధంగా అల్లిన భాష అది.

ఆ శుక్రవారం సర్వనామాల పాఠం. ‘రి’ అంటే సరిగ్గా దానికి ముందు చెప్పిన పేరు. ‘రా’ అంటే ఇంకాస్త ముందు వచ్చిన వాటిలో ఒకటి. ‘కోహా’ను ఒక మనిషికి తగిలిస్తే, మళ్ళీ మార్చేదాకా ఆ మనిషినే సూచిస్తుంది.

“మన ‘ఆడు’కి ఇంత నియమం లేదు బేబీ,” అంది నర్సుతో.

“అలగైనా మనకి తెలిసిపోద్ది గదండీ,” అంది బేబి.

అప్పుడే వజ్రపుకొత్తూరు దగ్గరి వాళ్ళ ఊరి నుంచి తల్లి సూరమ్మ ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

“పృథ్వీ, మణికంఠ టెక్కలి ఎల్లి కిడ్నీ పరీక్షకి రక్తం ఇచ్చినారు గదే. ఆడికీ వచ్చీసిందట.”

“ఎవులికమ్మా?”

ఫోన్ తెగిపోయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. తమ్ముళ్ళిద్దరి ఫోన్లూ కలవలేదు. మిషను మీద ఇంకా రెండు గంటలు చూపిస్తోంది.

పెద్ద తమ్ముడు పృథ్వీ ఆమెకు కిడ్నీ ఇస్తానన్నాడు. విశాఖలో పరీక్షలకు తేదీ కూడా తీసుకున్నారు. ‘ఆడు’ పృథ్వీ అయితే ఆ దారి మూసుకున్నట్టే. లోజ్బాన్ లెక్కన చూస్తే, మనుషుల్లో చివర వచ్చిన పేరు మణికంఠది. ఇరవై నాలుగేళ్ళ మణికంఠ. ఎత్తుకుని పెంచిన పిల్లాడు.

మణికంఠే అయ్యుండాలి, అనుకుంది.

అలా అనుకున్నానని తెలిసేసరికి ఒళ్ళు చల్లబడింది. లేచి బయటికి పోదామంటే చేతిని గొట్టాలు పట్టి ఉన్నాయి. మొహం గోడవైపు తిప్పుకుంది. బేబి వచ్చి బీపీ చూసి, “ఏటైందండీ, ఇంత పడిపోయింది?” అని కాళ్ళవైపు మంచం ఎత్తింది.

సూదులు తీసే వేళకి పృథ్వీ వచ్చాడు.

“మణికంఠకే అక్కా. మొదట్లోనే దొరికింది. మందులతో కొన్నేళ్ళు నెట్టుకురావచ్చంటన్నారు.”

ఇంద్రజ ఏడ్చింది. ఆ ఏడుపులో ఎంత దుఃఖమో, ఎంత సిగ్గో ఆమెకే తెలియలేదు.

“విశాఖ తేదీ మార్సొద్దు,” అన్నాడు పృథ్వీ. “నీకిత్తానన్నాను, ఇత్తాను.”

“ఇవ్వగలిగినోడివి నువ్వొక్కడివే. రేపు ఆడికి అవసరమైతే ఎవులిత్తారు?”

“రేపటి మాట ఇప్పుడేటి?”

ఆమె ఒప్పుకోలేదు. వద్దనీ గట్టిగా అనలేదు. సూరమ్మ ఎవరివైపూ మాట్లాడలేదు. జబ్బున్న ఇద్దరు పిల్లలకీ ఉప్పు తగ్గించి ఒకే కుండలో కూర వండటం మొదలుపెట్టింది. విశాఖ తేదీ దాటిపోయింది. కొత్త తేదీ అడుగుదామని ఇంట్లో ఎవరూ అనడం లేదు. సోమవారం పొద్దున్న డయాలసిస్‌కి పలాస వెళ్ళడానికి పృథ్వీ బండి తీశాడు. ఇంద్రజ వెనక కూర్చుంది.