ఒంటె ఏ చెవిన పెన్సిల్ పెట్టింది?

సెలూన్ బాబాయి కత్తెర ఆడిస్తే కరెంటు తీగ మీది పిట్టలు కూత ఆపి వినేవంటే మీరు నమ్మరు. పోనీ, నమ్మకండి. కానీ పగలు మూడు నుంచి మూడున్నర దాకా ఆయన చేతిలోని తల వైపు చూడకుండా జుట్టు కత్తిరించేవాడన్నది వీధి వీధంతా ఒట్టేసి చెప్పే మాట. తొమ్మిదేళ్లలో ఒక్క చెవీ తెగలేదు. ఆ అరగంటా ఆయన చూపు అద్దంలో ఉండేది. అద్దంలో వెనక గోడ, గోడకి టీవీ, టీవీలో గుమస్తా ఒంటె.

ఆ కార్టూన్ గురించి అడిగితే పక్క వీధిలో కూడా ఎవరికీ తెలియదు. వంటగిన్నెలు అమ్మే ఛానెల్‌కీ వాతావరణం చెప్పే ఛానెల్‌కీ మధ్య ఇరుక్కున్న మూడో ఛానెల్‌లో వచ్చేది. మొత్తం ఇరవయ్యారు భాగాలు, అయిపోగానే మళ్లీ మొదటి నుంచి. గోడ ఒకటే, బల్ల ఒకటే, కదిలేదల్లా ఒంటె కనురెప్ప. పరుగులు లేవని పిల్లలు మార్చేసేవారు, పిల్లల బొమ్మలని పెద్దలు మార్చేసేవారు. మిగిలింది బాబాయి.

ఒంటె ఫిర్యాదుల ఆఫీసులో పని చేస్తుంది. చెవి మీద పెన్సిల్. ఒక రోజు నత్త వచ్చి, తన ఇల్లు ఎవరో ఆక్రమించుకున్నారని ఏడుస్తుంది. ఇల్లేమో దాని వీపు మీదే ఉంది. ఒంటె ఆ ఇంటిని చూస్తుంది. కనురెప్ప సగం దిగుతుంది, అక్కడే ఆగుతుంది. అప్పుడు మెల్లగా, "సాక్షులున్నారా?" అంటుంది. నత్త ఇంటికి ఓ కిటికీ తెరుచుకుంటుంది. అందులోంచి పురుగొకటి తల బయట పెట్టి, "కాస్త నెమ్మదిగా మాట్లాడండి, పిల్లలు పడుకున్నారు" అంటుంది.

ఆ కనురెప్ప ఆగిన చోట బాబాయి కత్తెర కూడా ఆగేది. నవ్వు మాటలో లేదు, ఆ ఆగడంలో ఉందని ఆయన కనిపెట్టాడు. ఎనిమిదో తరగతి మధ్యలో బడికి దణ్ణం పెట్టిన మనిషి ఇంత కనిపెట్టడం మామూలు సంగతి కాదు. అద్దంలో తిరగబడి కనిపించే అక్షరాలు చూసీ చూసీ వాటిని గడగడా చదివేసేవాడు. మామూలు పేపరిస్తేనే తడుముకునేవాడు.

వీధిలో ఒంటె ఆయన సొంతం. ఎదురు కొట్లోకి టైలరు వచ్చేదాకా.

టైలరు వచ్చి మూడు నెలలైంది. కుట్టుమిషను పక్కన అరచేయంత టీవీ పెట్టుకున్నాడు. అతనికీ గుమస్తా ఒంటె అంటే ప్రాణమని మొదటి వారంలోనే తెలిసింది. తోడు దొరికిందని బాబాయి సంతోషించాలి కదా. అసూయపడ్డాడు. టైలరు చూసి ఊరుకునే రకం కాదు, చెప్పే రకం. ఒంటె గొంతు, నత్త గొంతు, కిటికీ చప్పుడు, అన్నీ నోటితోనే పలికించేవాడు. సెలూన్ బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి, ఇప్పుడే వస్తామని ఎదురు కొట్లోకి జారుకునేవారు. బాబాయి కుర్చీ ఖాళీగా తిరిగేది.

అది కూడా ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది మరొకటి జరిగింది. ఆయన భార్యని వీధంతా పిన్ని అంటారు. పిన్ని జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్లి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తిరిగొచ్చింది. నవ్వు ఆపుకోలేక గుమ్మానికి ఆనుకుంది.

"ఆ నత్త కథ భలే ఉందండీ. ఇంత మంచిది మీరెప్పుడూ చెప్పలేదేం?"

తొమ్మిదేళ్లుగా అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ చెప్పాడు. ఆమె ఒక్కసారీ నవ్వలేదు, కూర వడ్డించింది.

మర్నాడు మూడింటికి టైలరే క్షవరానికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బాబాయి పలకరించకుండానే గుడ్డ కప్పాడు. ఒంటెలాగే దువ్వెన ఎడమ చెవి మీద పెట్టుకున్నాడు. బెంచీ మీది కరెంటు మేస్త్రీ ఊరుకోకుండా, నువ్వు ఎడమ చెవిన పెడతావు, టైలరేమో కథ చెప్పేటప్పుడు పెన్సిల్ కుడి చెవిన పెడతాడు, ఇంతకీ ఒంటె ఏ చెవిన పెడుతుందని అడిగాడు.

"కుడే కదా బాబాయ్," అన్నాడు టైలరు.

"మూడు నెలల వాడివి, నాకు చెప్తావా? ఎడమ," అన్నాడు బాబాయి.

మాటా మాటా పెరిగింది. చివరికి బాబాయి పందెం తెచ్చాడు. ఓడినవాడు ఈ వీధిలో మళ్లీ ఒంటె మాట ఎత్తకూడదు. టైలరు సరేనన్నాడు. సరిగ్గా అప్పుడే అద్దంలో ఆఫీసు బల్ల, దాని వెనక ఒంటె వచ్చాయి. పెన్సిల్ ఎడమ చెవి మీద ఉంది. బెంచీ మొత్తం ఎడమ, ఎడమ అని గోల చేసింది. వాళ్లందరూ తొమ్మిదేళ్లుగా అదే అద్దంలో చూసినవాళ్లు. టైలరు ముఖం పాలిపోయింది.

"నాదే పొరపాటు బాబాయ్. ఇక ఆ మాట ఎత్తను," అన్నాడు.

బాబాయి గుండె పొంగింది. ఒంటెకి దణ్ణం పెడదామని, తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ వేళప్పుడు టీవీ వైపు తిరిగాడు.

పెన్సిల్ కుడి చెవి మీద ఉంది.

అద్దంలోకి చూశాడు, ఎడమ. మళ్లీ వెనక్కి చూశాడు, కుడి. అక్షరాలు తిరగబడతాయని తెలుసు గానీ, ఒంటె కూడా తిరగబడుతుందని ఇన్నేళ్లూ తోచలేదు. బెంచీ టీవీ కిందే ఉంది కాబట్టి ఇంకెవరూ చూడలేదు. బాబాయి దణ్ణం సగంలోనే ఆపి, నోరు మూసుకుని, టైలరు మెడ వెనక మిగిలిన జుట్టు కత్తిరించాడు.

గెలిచాడు. వారం రోజులు ఎదురు కొట్లోంచి మిషను చప్పుడు తప్ప ఏమీ రాలేదు. బెంచీ మళ్లీ నిండింది. బాబాయి నత్త కథ చెబితే మర్యాదకి నవ్వారు. ఇంట్లో చెబితే పిన్ని శ్రద్ధగా విని, "అంతేనా? అతను చెప్పినప్పుడు ఇంకేదో ఉండేదే" అంది. వెళ్లి చెప్పించుకుందామంటే అతను నోరు విప్పడం లేదని, మీరేమైనా అన్నారా అని కూడా అడిగింది. నవ్వు కోసం ఆమె ఎదురు కొట్టు వైపు చూసిన చూపు బాబాయికి ముల్లులా గుచ్చుకుంది. అయితే టైలరుకని పెట్టిన పందెమే తనకి ముల్లైందని అర్థమయ్యేసరికి ఎనిమిదో రోజు వచ్చింది.

ఆ రోజు మూడింటికి టైలరుని లాక్కొచ్చి కుర్చీలో కూలేశాడు. పిన్ని కూడా క్యారియరుతో గుమ్మంలోనే ఉంది. బాబాయి కుర్చీని గిర్రున టీవీ వైపు తిప్పాడు.

"ఏ చెవి?"

టైలరు చూశాడు, అద్దంలోకి మెడ తిప్పాడు, మళ్లీ చూశాడు.

"కుడి. అంటే మొన్న నేనే గెలిచానా? ఎప్పుడు తెలిసింది బాబాయ్?"

"అప్పుడే."

"మరి చెప్పలేదేం?"

"గెలిచాను కదరా, ఎలా చెప్తాను?" అన్నాడు బాబాయి. ఆ తర్వాత పిన్ని వైపు చూడకుండా, "కానీయ్, నత్త కథ చెప్పు" అన్నాడు.

టైలరు మొదలుపెట్టాడు. వెనక బాబాయి కత్తెర కూడా మొదలైంది. నత్త ఏడ్చింది. కనురెప్ప సగం దిగింది, ఆగింది. ఎవరూ ఇంకా నవ్వలేదు. అక్కడే, అందరికంటే ముందు, బాబాయి ఒక్కడే నవ్వాడు. ఎందుకు నవ్వారో తెలియక పిన్ని ఆయన ముఖంలోకి చూసింది, చూసి తనూ నవ్వింది. కిటికీ ఇంకా తెరుచుకోనేలేదు.

బాబాయి ఓర్వలేనితనం ఆ రోజుతో పోయిందనుకుంటే పొరపాటే. కథ అయ్యాక టైలరు అద్దంలో చూసుకుంటే, అతని కుడి చెంప వైపు జుట్టు ఎడమ కంటే అంగుళం పొట్టిగా ఉంది. అడిగితే, అద్దంలో అలాగే కనిపిస్తుందిలే అన్నాడు బాబాయి.