విరుదునగర్ గోడ మీది రేడియేటర్

2022 మార్చి. తమిళనాడులోని కోవిల్‌పట్టి బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టి అప్పటికి పందొమ్మిదేళ్ళు. అగ్గిపెట్టెల కంపెనీల బిల్లింగ్ మిషన్లు, కడలమిఠాయి అనే పల్లీపట్టీ అమ్మే కొట్ల ప్రింటర్లు, ఇవే రోజూ చేసే పని. నీటితో చల్లబరిచే కంప్యూటర్‌ను అంతకుముందు రెండుసార్లే ముట్టుకున్నాను. అయినా విరుదునగర్ నుంచి రేవతి అనే అమ్మాయి ఫోన్ చేసి అడగ్గానే చేసిపెడతానన్నాను. ఆ పని ఎలా చెడిందో అప్పట్లో నేను చెప్పింది అబద్ధం. జరిగింది ఇది.

రేవతి వాళ్ళదీ మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం. భర్తకు తూత్తుకుడి హార్బర్‌లో ఉద్యోగం, వారానికోసారి వస్తాడు. ఇంట్లో మాట మామగారిది. మిరపకాయల వ్యాపారి. ఆమె మేడ మీద సిమెంటు రేకుల గదిలో యానిమేషన్ చేసేది. చెన్నైలో ఒక స్టూడియో పరీక్షగా ఒక పని ఇచ్చింది. మే నెలాఖరుకు పూర్తిచేసి, అది వాళ్ళకు నచ్చితే, ఇంటినుంచే శాశ్వతంగా ఉద్యోగం. కాని మధ్యాహ్నమైతే మిషన్ వేడెక్కి దానంతటదే ఆగిపోయేది.

"మామ చెప్పిండారన్నా," అంది మొదటిరోజే. "ఈ ఒక్కసారిదా చూస్తారంట. ఉద్యోగం రాలేదంటే పెట్టె అమ్మేసి ఈ గదిలో మిరపకాయ మూటలు వేస్తారంట." నవ్వింది. "వాటికయితే ఎండ వస్తే మంచిదేదా."

ఇలాంటి కంప్యూటర్‌లో ప్రాసెసర్ మీద వాటర్ బ్లాక్ అనే రాగి దిమ్మ ఉంటుంది. పంపు దానిలోంచి నీళ్ళు తిప్పుతుంది. ఆ నీళ్ళు మోసుకొచ్చిన వేడిని రేడియేటర్ గాలికి వదులుతుంది. మామూలుగా రేడియేటర్ పెట్టెలోనే ఉంటుంది. గదే పొయ్యిలా ఉంటే అది చల్లబరచగలిగింది ఏమీ లేదు. అందుకని రేడియేటర్‌ను బయట, ఉత్తరపు గోడ నీడలో బిగించి, గోడకు రెండు కన్నాలు పెట్టి ట్యూబులు లోపలికి తేవాలనుకున్నాను. దీన్నే ఎక్స్‌టర్నల్ రేడియేటర్ అంటాం. ఆ ఆలోచనలో తప్పు లేదు.

తప్పు రేడియేటర్‌ను ఎంచుకోవడంలో జరిగింది. రాగిది మదురై నుంచి రావడానికి మూడు వారాలన్నారు. నేను శుక్రవారానికల్లా అని మాట ఇచ్చేశాను. మా ఊళ్ళో లారీ రేడియేటర్లు అతికే మెకానిక్ దగ్గర ఒక కారుది, అల్యూమినియంది, ఉంది. అతను తమిళాయన. ఇచ్చేముందు అడిగాడు.

"సార్, మీ దిమ్మ రాగిది కదా? రెండు లోహాలూ ఒకే నీళ్ళలో ఉంటే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. కారులో అయితే కూలెంట్ పోస్తాం, కాపాడుతుంది."

"ఇదేమన్నా లారీనా, ఘాట్ ఎక్కడానికి?"

"లారీ ఆగితే దిగి తోస్తాం సార్. దీన్ని ఎవరు తోస్తారు?"

ఇద్దరం నవ్వుకున్నాం. కూలెంట్ తర్వాత వేద్దామనుకుని ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోశాను. మట్టం తగ్గితే బ్యాటరీ కొట్లో దొరికే ఆ నీళ్ళే పొయ్యమని రేవతికి చెప్పి బస్సెక్కాను. కూలెంట్ సంగతి మరిచిపోయాను.

రెండు నెలలు బాగా నడిచింది. "అన్నా, రెండు గంటల ఎండలోకూడా ఆగలే! మామే మేడెక్కి వచ్చి పెట్టె మీద చెయ్యి పెట్టి చూసినారు," అని ఫోన్ చేసింది.

మే మూడో వారంలో మళ్ళీ ఫోన్. ఈసారి మామగారు చేశారు. వెళ్ళేసరికి గదంతా కాలిన వాసన. బ్లాక్ విప్పాను. దానిలోని సన్నటి సందుల నిండా తెల్లటి జిగురు. నీళ్ళు కదలక మరిగి, మెత్తబడిన ట్యూబు ఊడిపోయింది. ఆ నీళ్ళు పవర్ సప్లైలోకి దిగాయి. అది కాలుతూ రెండు డిస్కులనూ కాల్చింది. ఆమె మూడు నెలల పని ఆ రెండింటిలోనే ఉంది. ఇంకో కాపీ పెట్టె బయట ఉంచుకోమని నేను చెప్పనే లేదు.

మా కరిసల్, అంటే నల్లరేగడి, భూముల్లో బోరు నీళ్ళు కాచిన ప్రతి గిన్నెకూ అడుగున తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. మామగారు బ్లాక్‌లోకి చూసి రేవతి వైపు తిరిగారు.

"బోరు నీళ్ళు పోసిండావు."

"లేదు మామా. ఒక చుక్కకూడా పోయలేదు. అన్న చెప్పిందేదా పోస్తిని."

"అయితే ఈ ఉప్పు ఎట్ల వచ్చె? తమ్ముడా, నువ్వు చెప్పు. మనోడివి, నువ్వు చెప్తే సరి."

అది ఉప్పు కాదని, అల్యూమినియం తుప్పని నాకు చూడగానే తెలిసింది. గోడవారగా నాలుగు ఖాళీ డిస్టిల్డ్ వాటర్ సీసాలు వరసగా ఉన్నాయి. వాటినీ చూశాను.

"ఏదో ఒకరోజు మరిచిపోయి పోసుంటుంది పెద్దయ్యా," అన్నాను.

రేవతి నా వైపు చూసింది. జూన్‌లో పెట్టెను పాత సామాన్ల వాడికి ఇచ్చేశారు. స్టూడియో ఇంకొకరిని తీసుకుంది. రేవతి ఒక నోటుపుస్తకాల కొట్లో జిరాక్స్ మిషన్ దగ్గర పనికి కుదిరింది.

నోరు తెరవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ జిరాక్స్ కొట్టుకే వెళ్ళి చెప్పాను. ఆమె కాగితాలు సర్దుతూనే వింది.

"తెలుసన్నా. మీరు పోయినాక ఆ తెల్లదాన్ని చింతపండు వేసి తోమి చూస్తిని. గిన్నెల ఉప్పయితే పోతాది. అది పోలే."

"అప్పుడే చెప్పుండచ్చు కదమ్మా."

"మీరు ఒకటి చెప్పినాక నేను ఇంకొకటి చెప్తే ఎవరు వింటారు?" కాగితాల కట్టకు రబ్బరు బ్యాండు వేసి అంది. "మామకు చెప్పండి. నాకెందుకు?"

అక్కణ్ణుంచి వాళ్ళింటికి వెళ్ళాను. మామగారు కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, మొత్తం విన్నారు. లోహాల సంగతి, మెకానిక్ అన్న మాట, సీసాల సంగతి, ఏదీ దాచలేదు. అంతా అయ్యాక నా భుజం మీద చెయ్యి వేశారు.

"మంచి మనసు తమ్ముడా నీది. ఆ పాప పేరు చెడకూడదని నీ తలమీద వేసుకుంటావుండావు. పోనీ, మరిచిపో. ఆడపిల్ల, తెలియక పోసింది."

ఎంత చెప్పినా ఆయన నవ్వుతూ తల ఊపారే తప్ప నమ్మలేదు.

మా పనిలో తప్పు చెప్పే సమయం ఒకటే, పెట్టె విప్పి అందరూ లోపలికి చూస్తున్నప్పుడు. నేను నేర్చుకున్నది ఇంతే, అదీ ఇంకొకరి బతుకు ఖర్చు పెట్టి. ఆ ఇంట్లో ఇక నా మాట చెల్లదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. రేవతి పోసింది డిస్టిల్డ్ నీళ్ళే. అల్యూమినియం బిగించింది నేను.