ముత్యాలమ్మ మనవడి గిటారు
చెరకు తోటల పనికి సముద్రం దాటిన మనవాళ్ల ఊరు ఇసిపింగోలో, పెళ్లి హాల్లో బ్యాండు నాయకుడు తన బ్యాండులో గిటారు వాయించే సన్యాసిని అందరి ముందూ స్టేజి దింపేశాడు. "నీ బొమ్మ గిటారు నీకైనా వినపడతాదా బావా?" అన్నాడు. జనం నవ్వారు. ఆ ఏడాదే తెల్లవాళ్లతో సమానంగా అందరికీ ఓటు వచ్చింది, దాంతోపాటే లౌడ్‌స్పీకర్లూ వచ్చాయి.

సన్యాసి మొబేనిలో ఫ్యాక్టరీ పని నుంచి రాగానే వరండాలో కూర్చుంటాడు. సన్న నడుము గిటారును పొట్టకు ఆనించుకొని, గోరు తగలనీయకుండా బొటనవేలి కండతోనే మీటుతాడు. తీగ తీగకీ విడిగా పలికే ఆ తియ్యని శబ్దం గేటు దాటదు. చెరకు పొగ, సముద్రపు గాలి కలిసిన ఆ మసకలో పక్కనున్న అవ్వ ముత్యాలమ్మ చెవి వంచి వింటుంది. కాసేపటికి తెలుగు పాట ఎత్తుకుంటుంది. ఆ ఇంట్లో ఆ పాట ఇంకెవరికీ రాదు.

ఆ తరవాత ఒకసారి బ్యాండువాళ్లే పెద్దగా మోగే గిటారు తెచ్చిచ్చి, మళ్లీ రమ్మన్నారు. అవ్వ పాడుతుంటే దాన్ని మోగించాడు. ఆ మోతకు ఆమె పాట ఆపేసి, "ఎవలో వచ్చినారురా, గేటు తియ్యి," అంది. ఆ రోజు మళ్లీ పాడలేదు. మర్నాడే అతను ఆ గిటారు తిరిగి ఇచ్చేశాడు.

నేను సన్యాసిని చివరిసారి కలిసినప్పుడు, స్టేజి ఎందుకు వదులుకున్నావని అడిగాను.

"అవ్వ పాట నాకు హాఫ్ వచ్చింది మ్యాన్. ఇంకో హాఫ్ అవ్వ లోపలే ఉంది. గట్టిగా వాయిస్తే బయటికి రాదు," అన్నాడు.