ఆంజనప్ప ఆరో గుంత

నేసేటప్పుడు కాళ్ళు దించుకొని కూర్చునే మగ్గం గుంతలు ఆంజనప్ప తన జీవితంలో ఐదు తవ్వాడు. వాటిలో నాలుగింటిని తానే పూడ్చాడు. ఐదోదాన్ని కూడా పూడ్చమని ఇల్లు అద్దెకిచ్చినావిడ వచ్చి చెప్పిన రోజు అతడు తల ఎత్తలేదు. నాడెలో పట్టుపోగు చుట్టిన కండె అయిపోతే మార్చుకొని, నాడెను మళ్ళీ పోగుల మధ్యకు విసిరాడు.

"ఎండాకాలం దాటకముందే ఖాళీ చేయండప్పా. కింద టైల్సు వేయించాల. గుంత పూడ్చి, పైన సిమెంటు మాత్రం మీరే చేసి పోండి," అని ఆమె గడప దగ్గరే నిలబడి చెప్పింది. ఆ మాటలో కోపమేమీ లేదు. ధర్మవరంలో మగ్గానికి ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు మొదట్లోనే పెట్టే షరతు అది. అందుకే అద్దె ఇళ్ళలో నేసేవాళ్ళు తవ్విన మన్ను పారేయరు. సంచుల్లో కట్టి గోడవారగా పేర్చుకుంటారు. పోయేనాడు ఆ మన్నే మళ్ళీ గుంతలో పోయాలి. ఆంజనప్ప ఇంట్లో అలాంటి సంచులు పద్నాలుగు ఉన్నాయి. తొమ్మిదేళ్ళుగా వాటి మీదే పరుపులు మడిచి పెడుతున్నారు. ఒకసారి చుట్టం ఎవరో వచ్చి, "బియ్యం బాగానే నిలవ పెట్టుకున్నారే!" అని మురిసిపోతే, అతని భార్య మంజులత చాలా రోజులు నవ్వుకుంది.

ఇప్పుడు ఆమె నవ్వలేదు. సంచుల వైపు ఒకసారి చూసి, "నీకు యాభైనాలుగేండ్లయ్యా. ఇంకో గుంత తవ్వగలవా?" అంది.

పదకొండో ఏట తండ్రి పక్కన మగ్గం మీద కూర్చున్న మనిషి అతడు. సెలవంటే పండగలు, జ్వరాలు, కూలికి నేయించుకునే షావుకారు దగ్గర పట్టు అందని రోజులు. మిగిలిన కాలమంతా నడుము దాకా నేలలోనే గడిచింది. నడుము పైభాగానికి ఒక వయసు, కాళ్ళకు ఇంకో వయసు వచ్చినట్టు ఉంటుంది అతనికి. లేచి నిలబడేటప్పుడు గోడ పట్టుకోవడం ఎప్పుడు మొదలైందో కూడా గుర్తులేదు.

ఇల్లు కొందామన్న మాట మొదట కూతురు అమృత తెచ్చింది. ఆమె హిందూపురంలో ఒక బట్టల కంపెనీలో లెక్కలు చూస్తుంది. పొద్దున్నే రైలెక్కి పోయి, దీపాల వేళకు తిరిగి వస్తుంది. "నా జీతం మీద బ్యాంకువాళ్ళు లోను ఇస్తారంట నాయనా. కొత్త ఇల్లు మనతో కాదు. పాతదైతే అందుతాదేమో చూద్దాం," అంది.

అలా దొరికింది గోవిందప్ప మిద్దె. రెండు వీధుల అవతల, రెండు సెంట్ల జాగాలో పాత మట్టిమిద్దె. గోవిందప్ప బస్సు కండక్టరుగా చేసి రిటైరై పెనుకొండలో ఉంటాడు. అతని తండ్రి నేతగాడు. తండ్రి పోయాక ఆరేళ్ళుగా ఆ ఇంటికి తాళమే.

గోవిందప్ప రైలు దిగి వచ్చి తలుపు తీసిన రోజున ముగ్గురూ వెళ్ళారు. మంజులత వంటింట్లోకి పోయి గోడ మీద చారలు చూసింది. అమృత పెరట్లో కూలిపోయిన స్నానాలగది చూసింది. ఆంజనప్ప ముందుగదిలో నేల మీద పరిచిన పలకలు ఒక్కొక్కటే తీశాడు. కింద గుంత ఉంది. ఎవరూ పూడ్చమనని గుంత. అంచు మీద కూర్చుని కాళ్ళు దించాడు. పాదాలు సరిగ్గా అడుగుకు ఆనాయి. ఎడమవైపు కిటికీ నుంచి వెలుతురు తొడల మీద పడింది. నిలువు పోగుల పడుగు చాచడానికి గది పొడవు చాలుతుంది. మగ్గం పైన బిగించే జకార్డు పెట్టెకు మిద్దె ఎత్తు చాలుతుంది. అతడు లేవలేదు.

"ఇల్లు చూడమని పిల్చుకొనొస్తే గుంతలో కూర్చున్నావే!" అంది మంజులత. "వంటిల్లు చూసినావా? పొయ్యి ముందర నిలబడితే నా చెయ్యి నాకే కనపడదు."

"లైటు వేసుకుందాంలే."

"కాళ్ళు పెట్టే జాగా ఒకటుంటే చాలు నీకు. తల మీద మిద్దె లేకున్నా కనుక్కోవు."

గోవిందప్ప నవ్వి, "మా నాయన నలభై ఏండ్లు నేసినాడమ్మా ఈడ. ఒక్క చుక్క నీళ్ళు ఊరింది లేదు," అన్నాడు. తాళంచెవి వాళ్ళ చేతిలోనే పెట్టి, "నిదానంగా చూసుకోండి. పదమూడు లక్షలు. మీరు కాబట్టి చెప్తాండా," అని మధ్యాహ్నం రైలుకు వెళ్ళిపోయాడు.

మేస్త్రీ అనిల్ వచ్చి దూలాలు కర్రతో తట్టి చూశాడు. రెండు దూలాలు బోలుగా మోగాయి. "చెదలు తినేసినాయన్నా. ఈ రెండూ మార్చి, మిద్దె మీద మన్ను దించి, స్నానాలగది లేపితే నాలుగు లక్షలు. అదీ నేను మీ ఇంటివాణ్ణి మాదిరి చేస్తే."

"ఇంటివాడివైతే కూలి ఎందుకప్పా?" అంది మంజులత.

"ఇంటివాణ్ణే గాని, నాకూ ఇల్లుండాది గదక్కా!" అని అనిల్ గుంతలోకి తొంగి చూశాడు. నవ్వు తగ్గించి, "అసలు సంగతి ఇదీ. పోయినేడు వానలకు ఈ వీధిలో శానా గుంతల్లోకి నీళ్ళొచ్చినాయి. దీంట్లో తేమ ఉంటే మాత్రం చుట్టూ కాంక్రీటు పోసి, గది నేలంతా ఎత్తాల. ఇంకో రెండు లక్షలు. అప్పటికీ నేను మాట ఇయ్యలేను," అన్నాడు.

ఆ సాయంత్రం అమృత కాగితం మీద రాసి చూపించింది. బ్యాంకు పదకొండు ఇస్తుంది. ఇన్నేళ్ళ పొదుపూ, మంజులత గొలుసూ కలిపితే ఐదు. షావుకారు కూలి మీద బయానాగా రెండు ఇస్తానన్నాడు. రిజిస్ట్రేషను ఖర్చుతో సహా అక్కడికక్కడికి సరిపోతుంది. అమృత జీతంలో సగం పైన పదిహేనేళ్ళు బ్యాంకుకే పోతుంది. ఆపైన రెండు లక్షలు కాదు కదా, రెండు వేలు వేసినా ఆ లెక్క నిలబడదు.

మంజులత కాగితం వైపు చూడలేదు. "గుంత పొడిగా ఉంటే గొలుసు ఇస్తా. తడి ఉంటే ఈ మాటే వద్దు. అంతే," అంది.

గుంత పొడిదో తడిదో కనుక్కోవడానికి నేతగాళ్ళకు వేరే యంత్రం అక్కర్లేదు. పట్టు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పీల్చుకున్నంత బరువెక్కుతుంది. షావుకారు పట్టు తూచి ఇచ్చి, చీర తూచి తీసుకుంటాడు. తూకం తగ్గితే నిలదీస్తాడు, పెరిగితే నీళ్ళు చల్లావంటాడు. అందుకే నేసేవాడి అరచెయ్యి పట్టులోని తడిని కాటా కంటే ముందే కనిపెడుతుంది. మే నెలలో ఒక రాత్రి గట్టి వాన పడింది. మర్నాడే ఆంజనప్ప గులాబిరంగు పట్టు పోగుల లడి ఒకటి పట్టు దుకాణంలో తూయించాడు. సరిగ్గా రెండొందల గ్రాములు. దాన్ని గోవిందప్ప మిద్దెలో గుంతలోకి వేలాడదీసి, పైన పలకలు కప్పి వచ్చాడు.

మూడో రోజు పొద్దున వెళ్ళి పలక తీశాడు. లడి చేతిలోకి తీసుకున్న మరుక్షణమే తెలిసిపోయింది.

అతడు గుంత అంచు మీద కూర్చున్నాడు. పాదాలు మళ్ళీ సరిగ్గా ఆనాయి. ఇందాకటి దాకా అది ఇల్లు, ఇప్పుడు ఇంకొకరి గుంత. అయినా లేవబుద్ధి కాలేదు. పది గ్రాములో పన్నెండో పెరిగి ఉంటుంది. ఆ మాట ఇంకా ఎవరికీ తెలియదు. వానాకాలం రెండు నెలలు కాళ్ళకు ఏదైనా చుట్టుకొని కూర్చుంటే సరిపోదా? ఇన్నాళ్ళూ ఏ గుంతలో వెచ్చగా ఉన్నాడు కనుక?

దుకాణం దగ్గరే. ఆంజనప్ప అటు పోలేదు. లడి భుజం మీద వేసుకొని రైల్వే గేటు దాకా నడిచాడు. అక్కడ టీ తాగాడు. తెలిసినవాడు కనపడితే నిలబడి పిల్లల సంగతులన్నీ అడిగాడు. ఎండ మాడ్చేస్తోంది. చెట్టు నీడ పక్కనే ఉన్నా అందులోకి జరగలేదు. ఎందుకిలా తిరుగుతున్నావని తనను తాను అడగలేదు, అడిగితే జవాబు చెప్పాలి కాబట్టి. దుకాణం చేరేసరికి పదకొండు దాటింది.

"రెండొందల మూడు," అన్నాడు దుకాణం గుమస్తా. "మూడు గ్రాములు ఒక లెక్కనా? కొనుక్కోప్పా!"

ఇంట్లో ఆ మూడు గ్రాముల మాటే చెప్పాడు. మంజులత మెడ వెనక్కి చేతులు పోనిచ్చి గొలుసు కొక్కెం తడుముకుంది. సాయంత్రం అమృత వచ్చి విని, "అయితే సోమవారం బ్యాంకుకు పోతా," అని రైల్లో కొన్న జామకాయలు ముందు పెట్టింది. ఆంజనప్ప ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున మంజులత రాట్నం ముందు కూర్చుని ఆ లడి విప్పి కండెలకు చుట్టడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళుగా అతను నేసే ప్రతి పోగూ ముందు ఆమె వేళ్ళ మధ్య నుంచే పోతుంది. రెండో కండెకు రాట్నం ఆగింది. లడిని వెలుతురుకు పట్టుకుని చూసింది. ఒక పక్క గులాబిరంగు వెలిసి ఉంది. ఆ పక్క పోగు గరుకుగా వేలికి తగులుతోంది. రంగు పట్టును ఎండలో పెట్టకూడదని నేతింటి చంటిపిల్లకు కూడా తెలుసు.

"ఏమయ్యా."

మగ్గం ఆగింది.

"ఎండలో యాడ తిరిగినావు దీన్ని పెట్టుకొని?"

అతడు నాడెను ఒళ్ళో పెట్టుకున్నాడు. "గేటు దాకా," అన్నాడు.

"నిజంగా ఎంతుండె?"

"తూయలా. చేతికి తెలిసింది."

ఆమె అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండుననుకున్నాడు. మంజులత వెలిసిన పోగు వేరు చేసి పక్కన పెట్టింది. "నాకు గొలుసు పోతాదని కాదయ్యా. ఆ పిల్ల పదిహేనేండ్లు కట్టాల. నువ్వు నీళ్ళల్లో కూర్చొని నేస్తాంటే, ఆ రైల్లో కూర్చొని అది కట్టాల," అంది. తర్వాత గొంతు తగ్గించి, "అంత విసుగొచ్చిందా తవ్వీ తవ్వీ?" అని అడిగింది.

ఆంజనప్ప తల ఊపాడు. పాడైన పట్టుకు షావుకారు కూలిలో కోత వేశాడు, అది వేరే సంగతి.

కూతురితో తానే చెప్పాడు. అమృత విని, "చెప్పకపోయింటే నేను సంతకం పెట్టేసి ఉందును నాయనా," అంది. ఆమె గొంతులో నిష్ఠూరం ఉందో ఊరట ఉందో అతనికి అర్థం కాలేదు. రెండూ ఉండవచ్చు.

తాళంచెవి ఇవ్వడానికి ఆంజనప్ప పెనుకొండకు స్వయంగా వెళ్ళాడు. కొండ కింద వీధిలో, గోవిందప్ప అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. తేమ సంగతి విని మొదట నొచ్చుకున్నాడు. "నలభై ఏండ్లు లేని తడి ఇప్పుడు యాడనుంచి వస్తాదప్పా? దుడ్లు తగ్గించమంటే అడుగు. యాభై వేలు తగ్గిస్తా."

"దుడ్లు తగ్గిస్తే తడి తగ్గదు గదన్నా. పట్టు లడి మూడు దినాలు పెట్టి చూసినా."

గోవిందప్ప తాళంచెవిని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. "మా నాయన మోకాళ్ళ దాకా గోనెపట్ట చుట్టుకొని కూర్చొనేవాడు," అన్నాడు, ఎవరికో చెబుతున్నట్టు. "వానాకాలంలో రెండు చుట్టుకొనేవాడు. సలి అనేవాడు. ముసలాయన గదా, అందరికంటే ఎక్కువ సలేమో అనుకుంటిమి."

మజ్జిగ గ్లాసు కింద పెట్టి ఆంజనప్ప లేచాడు, అరుగు పక్కనున్న గోడ పట్టుకొని.

జూన్ మొదటి వారంలో మగ్గం మీదున్న పడుగు అయిపోయింది. కొత్త పడుగు ఎక్కించకుండా మగ్గం విప్పారు. పద్నాలుగు సంచుల మన్నూ గుంతలో పోసి, పైన సిమెంటు మెత్తాడు. బత్తలపల్లి రోడ్డు వైపు, కాస్త ఎత్తు జాగాలో రెండు గదుల ఇల్లు అద్దెకు దొరికింది. ఆ ఇంటాయన షరతు చెప్పబోతే, "పూడ్చి పోతాంలేప్పా, తెలుసు," అంది మంజులత.

ఆదివారం పొద్దున ఆంజనప్ప ముందుగదిలో సుద్దతో గీత గీసి గడ్డపార వేశాడు. మూర లోతుకే నడుము పట్టేసింది. అమృత చున్నీ నడుముకు బిగించి, "జరుగు నాయనా," అని గుంతలోకి దిగింది. మంజులత పిడికెడు మన్ను తీసి పిసికి, వేళ్ళు విప్పి చూసింది. పొడిపొడిగా రాలిపోయింది.

"పొడిగా ఉండాది," అంది.

ఆంజనప్ప ఊపిరి తీసుకుంటూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఖాళీ సంచి ఒకటి దగ్గరకు లాక్కుని, మూతి విప్పి పట్టుకున్నాడు. అమృత మొదటి పార మన్ను అందులో పోసింది.