బండవేషం నాడు రాక్ ఏకాంబరం పాట

ఏకాంబరం పుట్టింది నగరి మగ్గాల వీధిలో. మగ్గం చప్పుడే తనకు తాళం నేర్పిందని చెప్పుకుంటాడు. అదే చప్పుడు విన్న మిగతా మూడు వందల మంది మాత్రం బుద్ధిగా చీరలు నేసుకుని బతికారు. ఐదో తరగతిలో బడి మానేసి మద్రాసు రైలెక్కినవాడు, ఆరు నెలలకు భుజాల దాకా జుట్టు పెంచుకుని దిగాడు. వాళ్ల నాయన మొదట గుర్తుపట్టలేదట. గుర్తుపట్టాక కొట్టాడట.

పెద్దయ్యాక ఇరవై ఏళ్లు చిత్తూరుకూ తిరుపతికీ మధ్య ఆయన పాడని తిరునాళ్ల లేదు. చంకీల ప్యాంటు వేసుకుని స్టేజీ ఎక్కితే కరెంటు పోయినా ఫరవాలేదనేవాళ్లు, ప్యాంటు వెలుతురే చాలని. పూతలపట్టు కూడలిలో ఒకసారి కేక వేస్తే, వెనకాల లారీ హారన్ కొట్టిందనుకుని మూడు బస్సులు పక్కకు తప్పుకున్నాయి. ఇంగ్లీషు పాటలు క్యాసెట్లో విని, తెలుగు అక్షరాల్లో నోటుబుక్కు నిండా రాసుకునేవాడు. వినబడని చోట సొంత ఇంగ్లీషు కలిపేవాడు. వినేవాళ్లకు రెండూ ఒకటే గనక ఎవరూ తప్పు పట్టలేదు. రాక్ ఏకాంబరం అని పేరు నిలిచింది.

ఇప్పుడు ఆయనకు అరవై ఎనిమిది. తిరుపతిలో ఒక లాడ్జిలో యాత్రికులకు తాళాలు ఇచ్చి పుచ్చుకుంటాడు. పళ్లలో సగం ఊడాయి, జుట్టంతా పోయింది. మిగిలింది ఒకే ఆశ. గంగజాతరలో మా వీధి స్టేజీ మీద ఒక్క పాట పాడాలి. తాను ఎవరో ఊరు ఇంకోసారి చూడాలి.

ఆ స్టేజీ, ఆ మైకు మునిప్రసాద్‌వి. ఒకప్పుడు ఏకాంబరం పక్కనే కీబోర్డు వాయించినవాడు, ఇప్పుడు సౌండ్ సర్వీసు నడుపుతున్నాడు. ఏకాంబరం కోసం అడగడానికి నూర్ అహ్మద్ ఉన్నాడు. అప్పట్లో డ్రమ్స్ వాయించేవాడు, ఇప్పుడు దర్జీ. జాతరకు వారం ముందు నూర్ అహ్మద్ షాపులోనే పంచాయితీ జరిగింది. ఏకాంబరం అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన లేనట్టే మాట్లాడారు ఇద్దరూ.

"ఏమన్నా అనప్పా, రాక్ అనేదాన్ని ఈ జిల్లాకి తెచ్చింది ఏకాంబరన్నే," అన్నాడు నూర్ అహ్మద్.

"తెచ్చినాడు. తెచ్చి ఈడే గొంతు పిసికినాడు."

"జనం ఎగబడి వస్తా ఉన్న్యారు కదబ్బా."

"యాక్సిడెంట్ అయినా ఎగబడి వస్తారు జనం. ఆయన ఒక సురుతిలో ఎత్తుకుంటాడు, నేను కీబోర్డు మీద ఎనకాల తరుముకుంటా పొయ్యేది. ఇరవై ఏండ్లు తరిమినా. ఒక్కనాడు దొరకలే."

"నేర్చుకోనోడు అంత మాత్రం పాడినాడంటే గొప్ప కాదా?"

"నేర్చుకోనోడు పుత్తూరులో ఇరిగిన ఎముకకి కట్టు కడితే ఒప్పుకుంటావా నువ్వు? సెయ్యి వంకర పోదా?"

ఏకాంబరం అందరికంటే ముందు నవ్వాడు. అది చూసి మునిప్రసాద్‌కు ఒక ఆలోచన వచ్చింది.

జాతరలో బండవేషం నాడు ఒంటినిండా కుంకుమ పూసుకున్నవాడు ఎవరినైనా ఎంత మాటైనా తిట్టొచ్చు. తిట్లు పడ్డవాడు నవ్వాలే గానీ కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకుంటే అమ్మవారికి కోపం.

"ఆ పొద్దు నేను వేషం కడతా. నేనేం తిట్నా నోరెత్తకుండా కూసో. అయినాక పాట నీదే."

"సరే సామీ," అన్నాడు ఏకాంబరం. బేరం ఆడలేదు.

బండవేషం నాడు వీధి వీధంతా స్టేజీ ముందే ఉంది. మునిప్రసాద్ మెడలో వేపమండలతో, ఎర్రగా, ఒక్కో ఇంటివాళ్ల పరువూ తీసుకుంటూ వచ్చి ఏకాంబరం కుర్చీ ముందు ఆగాడు. అరగంట తిట్టాడు. ఆ బూతులకు స్టేజీకి కట్టిన వేపాకు కూడా వాడిపోయింది. నోటుబుక్కులో రాసుకున్న ఇంగ్లీషును తిట్టాడు. పాడుతుంటే మధ్యలో లేచిపోయిన పెళ్లివాళ్లను పేరుపేరునా చెప్పాడు. కచేరీ కోసం పెళ్లాం పురిటికి పోని సంగతి ఎత్తి తిట్టాడు. ఆ బిడ్డ దక్కకపోవడం కూడా వదల్లేదు. అప్పుడు మాత్రం నవ్వేవాళ్లు కాస్త ఆగారు. ఏకాంబరం ఆగలేదు. కళ్లలో నీళ్లు కారుతున్నా పళ్లు కనబడేట్టే నవ్వుతూ కూర్చున్నాడు.

పాట దక్కింది. అప్పటికి తిట్లు విన్నవాళ్లు వేరే వేషాల వెనక పోయారు, పక్క వీధుల జనం వచ్చి చేరారు. ఏకాంబరం స్టేజీ వెనక్కి పోయి పాత చంకీల ప్యాంటు తొడుక్కున్నాడు. మనిషి చిక్కిపోతే నూర్ అహ్మద్ దాన్ని నాలుగు అంగుళాలు లోపలికి కుట్టి ఇచ్చాడు. గుండ్ల ఊళ్లో జుట్టుకు కొదవేముంది, ఒక విగ్గు కూడా సంపాదించారు. ఆ ముస్తాబుతో మైకు ముందు నిలబడి ఎత్తుకున్నాడు.

మొదటి కేకకే జనం ఘొల్లుమన్నారు. ఏకాంబరం దాన్ని ఈలలూ చప్పట్లూ అనుకున్నాడు. నిజానికి చప్పట్లే, అయితే పాటకు కాదు. మూతిమీసాలతో చీరలు కట్టిన మగవాళ్లూ, కుంకుమ పూసుకున్నవాళ్లూ తిరుగుతున్న వీధిలో, విగ్గుతో చంకీలతో ఒక ముసలాయన కనబడితే ఎవరేమనుకుంటారు? వేషం అనుకున్నారు. "కుయ్యో, ఏకాంబరం వేషమంట రా," అని ఒకడు అరిచాడు. గొంతు జారినచోటల్లా వేళాకోళానికే జారుస్తున్నాడనుకుని, ఇంకా జార్చమన్నారు. ఆయన కళ్లు మూసుకుని, గుండె పగిలేట్టు, చివరిదాకా పాడాడు.

దిగి వచ్చాక, వీధిలో అందరికీ రాగి అంబలి పోస్తున్న తాయమ్మ ఆయన్ను ఆపి చెంబు చేతిలో పెట్టింది.

"భలే దింపినావు సామీ. అచ్చం ఆయన ఎగురుడే. ఆ మారాజు పొయ్యి ఎన్నేండ్లయిందో."

నూర్ అహ్మద్ ఏదో చెప్పబోయాడు. ఏకాంబరం ఆయన కాలు తొక్కాడు.

"ఆయన్ని ఇన్న్యావా నువ్వు?" అన్నాడు.

"ఇనకపోవడం ఏంది? పుత్తూరు తిరునాళ్లలో తెల్లవార్లూ నిలబడి ఇన్న్యా. కాళ్లు వాసినా కూసోలే. మళ్లా అట్లాంటి పాట యాడా ఇనలే. ఏమనుకోబాకు, వేషం బాగుండాది గానీ ఆ గొంతు నీకు రాలే."

"రాదమ్మా," అన్నాడు ఏకాంబరం. "నాకెట్లొస్తాది? ఆయన గొంతు ఆయనతోనే పాయె."

ఇరవై ఏళ్ల కచేరీల్లో ఏ దండ పడ్డప్పుడూ ఆ ముఖంలో అంత వెలుగు లేదు. అప్పటికి మునిప్రసాద్ కొళాయి దగ్గర కుంకుమంతా కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ మామూలు మనిషిగా వచ్చాడు.

"తాయమ్మక్కా," అన్నాడు, "ఈయన వేషం గాదు. ఈయనే ఆయన."

తాయమ్మ గరిటె పక్కన పెట్టి, విగ్గు కొంచెం పైకెత్తి, ఏకాంబరం ముఖం తిప్పి తిప్పి చూసింది. ఆయన కళ్లు దించుకున్నాడు. అది చాలింది.

"ఓహో," అంది. విగ్గు మళ్లీ సర్ది పెట్టింది. "అట్లయితే అప్పుడూ ఇంతేనేమో. మేం సిన్నపిల్లోళ్లం, మాకేం తెలుసు."

ఆ తర్వాత వెనకాల నిలబడినవాడికి అంబలి పోయడానికి తిరిగింది.

"ఆమెకి పాట గురించి ఏం తెలుసన్నా," అన్నాడు నూర్ అహ్మద్.

"ఇంతసేపూ తెలిసింది కదప్పా," అన్నాడు మునిప్రసాద్.

ఏకాంబరం అంబలి తాగేసి, చెంబు కడిగి, తాయమ్మ పక్కన బోర్లించాడు.