తివాచీలోని ఎరుపు

మా ఇల్లు ఏలూరులో తివాచీలు నేసే వీధిలో ఉండేది. అబ్బా ఉన్నికి రంగులు వేసేవారు. అమ్మీ మగ్గం మీద ముడులు వేసేది. డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రాలు నేనూ ఆమె పక్కన కూర్చునేదాన్ని.

ఆ ఏడు సరుకు విదేశానికి వెళ్ళాలి. రంగులకు పరీక్ష జరగందే తీసుకోమని కొనేవాళ్ళు చెప్పారట. మాకు పనిచ్చే వ్యాపారి, దేశదేశాల్లో ఆఫీసులున్న ఒక పరీక్షల కంపెనీ మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆమె నాకంటే కొంచెం పెద్దదేమో. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి, చుట్టిపెట్టిన వాటిలోంచి ఒక తివాచీ లాగింది. అమ్మీ వానాకాలమంతా కూర్చుని నేసింది అదే.

“దీంట్లోంచి చిన్న ముక్క ల్యాబ్‌కి పంపాలండీ.”

“అంచున కోసుకోండమ్మా,” అంది అమ్మీ.

“అంచున అన్ని రంగులూ లేవండీ. మధ్య పువ్వు దగ్గరైతేనే అన్నీ వస్తాయి.”

అమ్మీ వ్యాపారి వైపు చూసింది. ఆయన కానివ్వమన్నట్టు తలూపాడు. ఆ అమ్మాయి కత్తెర ముడుల్లోకి దిగలేదు. కాసేపు చూసి అబ్బా లేచారు. దారాలు తెంపే కత్తి తెచ్చి, తనే కోసిచ్చారు. అప్పటికే అమ్మీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కొన్ని వారాలకు ఫోన్ వచ్చింది. ఎరుపు రంగులో నిషేధించిన రసాయనం ఉందట, సరుకంతా ఆగిపోయిందట. వ్యాపారి పంపిన రిపోర్టులో ఆ రసాయనం పేరు చూసి ఫోన్‌లో వెతికాను. ఏళ్ళ తరబడి ఒంటికి తగిలితే మూత్రాశయంలో కేన్సర్ రావచ్చని ఉంది. దాచలేక చదివి వినిపించాను.

“ఎప్పుడూ కొనే కొట్లోదేగా ఆ రంగు,” అంటూ అబ్బా సరుకు గురించే బాధపడ్డారు. అమ్మీ ఆయన చేతులకేసి చూస్తోంది. ఆయన గోళ్ళ చుట్టూ దిగిన ఎరుపు ఏ సబ్బుకీ పోయేది కాదు.

“దాని మీద కూర్చునేవాళ్ళకే చెడ్డదైతే, రోజూ చేతులు ముంచే మనిషి సంగతేంటే?” అంది నాతో.

వ్యాపారినడిగి నంబరు తీసుకుని ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. అబ్బా చేతుల సంగతి చెప్పాను. “మా పని తివాచీ వరకేనండీ. నాన్నగారిని ఒకసారి డాక్టరుకి చూపించండి,” అంది. ఆ గొంతులో నిజమైన దిగులే ఉంది.

అబ్బా రానన్నారు. అమ్మీ అన్నం తినడం మానేస్తే గానీ కదల్లేదు. పరీక్షలన్నీ చేసి, “ఇప్పటికైతే ఏమీ లేదండీ. కానీ ఏటా చూపించుకుంటూ ఉండాలి,” అన్నారు డాక్టరుగారు. ఆ ‘ఇప్పటికైతే’ని మేం ఇంటికి తెచ్చుకున్నాం.

అబ్బా రంగుల పని మానేశారు. ఇప్పుడు రంగు వేసిన ఉన్నే తెప్పించి ఇద్దరూ నేస్తున్నారు. ఆయన గోళ్ళు తెల్లబడ్డాయి. ఆ చేతులు తనవి కానట్టుంటాయంటారు.

నేను తాడేపల్లిగూడెంలో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మీ రోజూ ఫోన్ చేసి వంట గురించీ వాన గురించీ మాట్లాడి, చివర్లో గొంతు తగ్గిస్తుంది.

“మీ అబ్బా పొద్దుట్నుంచీ మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్తున్నారే. నీళ్ళెక్కువ తాగారంటావా?”

“అంతే అయ్యుంటుందిలే అమ్మీ,” అంటాను.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాదు.