నాటకాలవాళ్ళ పండగ

మార్చి ఇరవై ఏడు ప్రపంచ రంగస్థల దినోత్సవమని ఇవాళ్టికీ చాలామందికి తెలియదు. అరవైల్లో అయితే హైదరాబాదులో ఆ సంగతి తెలిసింది మా నాటక సమాజం వాళ్ళకేనేమో అనిపించేది. మాకు చెప్పింది మా దర్శకుడు. ఆయన మా నాన్న ఆఫీసులో హెడ్ గుమాస్తా, నేను బాబాయిగారూ అని పిలిచేదాన్ని. ఎక్కడో ఇంగ్లీషు పేపర్లో ఒక మూల చదివి, ఆ రోజున దేశదేశాల్లో నాటకాలాడేవాళ్ళంతా పండగ చేసుకుంటారట, మనమూ చేసుకోవాల్సిందే అని పట్టుబట్టారు.

"నాటకానికి కూడా ఓ పండగా? పులిహోర చేస్తారా, గారెలు చేస్తారా?" అని మా నాన్న ఎగతాళి చేశారు.

రాష్ట్రాలు కలిసినప్పుడు నాన్న ఉద్యోగంతో పాటు మేమూ కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చాం. అంతకుముందు మాది బాపట్ల. నాంపల్లి స్టేషను వెనక ఒక సందులో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. నేను చదువు ముగించి లక్డీకాపూల్‌లో టైపిస్టుగా చేరాను. పెళ్ళి కాని పిల్లని నాటకాలకు పంపడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. బాబాయిగారి భార్య రిహార్సల్సుకు తప్పకుండా వచ్చి నా పక్కన కూర్చుంటానని మాటిస్తేనే నాన్న ఒప్పుకున్నారు. ఆవిడ అలాగే వచ్చేది, అల్లిక సామాను తెచ్చుకుని.

ఆబిడ్స్‌లో ఒక బట్టల కొట్టు మీది గదిలో మా రిహార్సల్సు. మొదటి రెండు మూడేళ్ళు మా పండగ కూడా ఆ గదిలోనే. హార్మోనియం పెట్టెకు కుంకుమ పెట్టి, అగరొత్తులు వెలిగించి, బాబాయిగారు నాటకం గురించి కాసేపు మాట్లాడేవారు. పిన్నిగారు ఫ్లాస్కులో కాఫీ, రవ్వలడ్డూలు తెచ్చేది. కింద రోడ్డు మీద కార్లూ రిక్షాలూ పోతూనే ఉండేవి. పైన పండగ జరుగుతోందని ఎవరికీ తెలిసేది కాదు. మాకు మాత్రం ఆ పూట చాలా గర్వంగా ఉండేది.

మా సమాజంలో ఒక స్కూలు మాష్టారు ఉండేవారు. మిగతావాళ్ళం దాదాపు అందరం కోస్తా నుంచి వచ్చినవాళ్ళం. ఆయన ఒక్కరే నాంపల్లిలో పుట్టి పెరిగిన మనిషి. నిజాం కాలంలో చదువుకున్నారు కాబట్టి చదువంతా ఉర్దూలో జరిగింది, తెలుగు రాయడం తర్వాతెప్పుడో నేర్చుకున్నారు. తన మాటలన్నీ ఉర్దూ లిపిలో రాసుకునేవారు. పలికేది తెలుగు, కాయితం మీద ఉన్నది కుడి నుంచి ఎడమకి నడిచే రాత. కొత్తగా చేరినవాళ్ళు అది చూసి నవ్వితే ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవారు. నన్ను మొదటి రోజు నుంచీ చెల్లే అనేవారు, నేను అన్నయ్యా అనేదాన్ని.

పదేళ్ళుగా ఆయనకిచ్చినవి జట్కావాడు, బంట్రోతు, కానిస్టేబులు, ఇంటి నౌకరు వేషాలు. ఆయన తెర వెనక దగ్గినా హాలంతా నవ్వేది. "ఏంది సాబ్, గిట్ల జేస్తిరి?" అంటూ లోపలికొస్తే ఈలలు పడేవి. ఆ నవ్వుల కోసమే బాబాయిగారు ప్రతి నాటకంలోనూ ఆయనకో చిన్న పాత్ర రాసేవారు.

అరవై తొమ్మిదిలో మా పండగా, శ్రీరామనవమీ ఒకే రోజు వచ్చాయి. అటు పీర్ల పండగ రోజులు కూడా అవే. బాబాయిగారికి అదొక శుభసూచనగా తోచింది. "సెలవు రోజు, జనం ఊరికే ఇంట్లో ఉంటారు. ఈసారి గదిలో కాదు, నాంపల్లిలో హాలు తీసుకుందాం. పూర్తి నాటకం వేద్దాం" అన్నారు. ఒక రైల్వే గుమాస్తా ఇంటి కథ రాశారు. ఉన్న ఒక్క కొడుకూ జబ్బు చేసి ఆసుపత్రిలో పోతాడు. ఆ కబురు భార్యకు చెప్పడానికి తండ్రి ఇంటికి రావడం చివరి రంగం. భార్య వేషం నాది.

కానీ ఆ ఏడాది ఊరు మామూలుగా లేదు. ప్రత్యేక తెలంగాణ ఆందోళన మొదలై కాలేజీలు మూతపడ్డాయి. ఏ పూట ఏ కొట్టు తెరుస్తారో తెలిసేది కాదు. మా నాటకంలో తండ్రి వేషం వెయ్యాల్సినాయన ముందు భార్యాపిల్లల్ని విజయవాడ పంపారు, తర్వాత తనూ సెలవు పెట్టి వెళ్ళిపోయారు. తిరిగి రానని కార్డు రాశారు.

"ఇప్పుడెవరు వేస్తారయ్యా ఆ వేషం?" అని బాబాయిగారు తల పట్టుకున్నారు. గోడ దగ్గర కూర్చున్న మాష్టారు మెల్లగా అన్నారు.

"నేన్ జేస్త సార్. నాకు మొత్తం నోటికొచ్చు."

బాబాయిగారు ఇబ్బందిగా కదిలారు. "మీరు చెయ్యలేరని కాదు మాష్టారూ. మీ భాష..."

"భాష నేర్చుకుంట సార్. ఫికర్ జెయ్యకున్రి."

నిజంగానే నేర్చుకున్నారు. కానీ ప్రతి మాట ముందూ ఒక్క క్షణం ఆగేవారు. ఆసుపత్రి అనాలి, వచ్చారు అనాలి, ఏమైంది అనాలి. ఆగినప్పుడల్లా కొడుకు పోయిన తండ్రి మాయమై, పాఠం అప్పజెప్పే మనిషి కనిపించేవాడు. బాబాయిగారు విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ చెప్పించేవారు. వారం గడిచినా ఆ రంగం లేవలేదు.

ఒక సాయంత్రం మాష్టారు సగంలో ఆపేశారు.

"ఒక సంగతి అడుగుత సార్, ఏమనుకోవద్దు. పిలగాడు సచ్చిపోయి ఇంటికొచ్చిన మనిషి, ఆసుపత్రి అనాల్నా దవాఖాన అనాల్నా అని సోచాయిస్తడా?"

గదిలో అందరం ఆయన వైపు చూశాం. బాబాయిగారు చేతిలోని కాయితాలు పక్కన పెట్టారు. తర్వాత, "సరే, మీరైతే ఎలా అంటారో అలా చేసి చూపించండి" అన్నారు.

ఆయన గది బయటికి వెళ్ళి లోపలికొచ్చారు. వచ్చి నా ఎదుట నిలబడలేదు. గోడ పక్కన పొయ్యిగా పెట్టుకున్న ఇటుకల దగ్గర చతికిలబడి, ఇటుకల వైపే చూస్తూ, నాతో కాక వాటితో అన్నట్టుగా అన్నారు. "దవాఖానల ఉంచుకోమన్న. ఉంచుకోలే. పోయిండే. మన పిలగాడు పోయిండు." అంతే. నేను ఏడవాల్సిన చోటు అది. నా మాటలన్నీ మరిచిపోయి అలాగే కూర్చుండిపోయాను. పిన్నిగారి చేతిలో అల్లిక ఆగిపోయింది. బాబాయిగారు కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుని, "ఇలాగే చెయ్యండి మాష్టారూ. ఒక్క అక్షరం మార్చొద్దు" అన్నారు.

ఆ రోజు స్టేషను దాకా మాష్టారు, పిన్నిగారు, నేను కలిసి నడిచాం. ఆయన మొహం వెలిగిపోతోంది.

"చెల్లే, ఆ దినం మా అమ్మను తోల్కొస్త. ఇన్నేండ్ల సంది నా ఆట ఒక్కటి గూడ సూడలే. జట్కావాని వేషం ఏం జూడాలె, రోడ్డు మీద రోజు జూస్తనే ఉన్న అంటది. గిప్పుడైతే వస్త అన్నది."

రామనవమి నాడు ఎండ దంచేస్తోంది. నాంపల్లిలో ఎక్కడ చూసినా తాటాకు పందిళ్ళు, మైకులు. పందిట్లో పానకం పోస్తుంటే, కాస్త అవతల పీర్ల పండగ వాళ్ళు షర్బతు పోస్తున్నారు. సెలవు కదా జనం వస్తారన్న బాబాయిగారి లెక్క తప్పింది. జనమంతా సీతారామ కల్యాణాల దగ్గరే ఉన్నారు. గొడవల భయానికి కొందరు గడప దాటలేదు. అధ్యక్షత వహించాల్సిన పెద్దమనిషి రాలేదు, రానని కబురైనా పంపలేదు. చాలాసేపు చూసి, ముందు రెండు మూడు వరసలు నిండగానే తెర తీసేశాం. అందరూ మా వాళ్ళే, మా ఆఫీసులవాళ్ళు, వాళ్ళ పిల్లలు. మాష్టారి తరఫున ఆయన తల్లి, బావమరిది, ఇద్దరు ముగ్గురు స్నేహితులు వచ్చారు. ముసలావిడ ముదురు రంగు చీర కట్టుకుని, పందిట్లో ఇచ్చిన వడపప్పు దొన్నె చేత్తో పట్టుకుని కూర్చుంది. బాబాయిగారు తెర ముందుకొచ్చి, ఈ రోజు ప్రపంచమంతా నాటకాలాడుతోందని చెప్పారు. బయట మైకు మోతలో సగం మాటలు వినబడలేదు.

మొదటి రెండు రంగాల్లో తండ్రికి మాటలు తక్కువ. అవి బాగానే గడిచాయి. చివరి రంగం వచ్చింది. నేను పొయ్యి దగ్గర కూర్చున్నాను. మాష్టారు వచ్చారు. ఆ గదిలో చేసినట్టే వచ్చి చతికిలబడ్డారు.

"దవాఖానల ఉంచుకోమన్న."

రెండో వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఒక పిల్లాడు పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది. వాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. పదేళ్ళుగా ఆ మనిషి, ఆ మాట కలిసి స్టేజి మీదికొస్తే నవ్వడం అలవాటైపోయినవాళ్ళు. ఇది కూడా తమాషానే అనుకున్నారు.

"పోయిండే. మన పిలగాడు పోయిండు."

హాలు గొల్లుమంది. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను నవ్వు ఆగుతుందని గట్టిగా ఏడుపు అందుకున్నాను, దాంతో ఇంకా నవ్వారు. తలెత్తి చూస్తే ఆయన బావమరిది కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. ఆయన తల్లి మాత్రం చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తోంది.

మాష్టారు కదల్లేదు. నవ్వు కాస్త తగ్గేదాకా అలాగే కూర్చున్నారు. తర్వాత లేచి నిలబడి, జనం వైపు తిరిగి, మా బాబాయిగారు వారం పాటు నేర్పించినట్టే, ఎక్కడా తడబడకుండా అన్నారు.

"ఆసుపత్రిలో ఉంచుకోమన్నాను. ఉంచుకోలేదు. మనవాడు మనకిక లేడు."

హాలు చల్లబడింది. మా వాళ్ళలో ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. మిగతా రంగమంతా ఆయన ఆ భాషలోనే నడిపారు. తెర పడ్డాక చాలాసేపు చప్పట్లు కొట్టారు. మా సమాజం వేసిన నాటకాల్లో అన్ని చప్పట్లు మరి దేనికీ పడలేదు.

లోపల ఆయన కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటున్నారు. బాబాయిగారు భుజం తట్టి, "గొప్పగా సర్దుకున్నారు మాష్టారూ" అన్నారు.

"ఔ సార్" అన్నారాయన.

ముసలావిడ లోపలికొచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుంది. కొడుకుతో కాదు, నాతో అంది. "మా ఇంట్ల వీని పెద్ద పిలగాడు పోయిననాడు వీడు గీ మాటనే అన్నడు బిడ్డా. పొయికాడనే కూసున్నడు. గప్పుడు ఎవ్వరు నవ్వలే."

ఆయనకో కొడుకు పోయాడని మాలో ఎవరికీ తెలియదు. పదేళ్ళ స్నేహంలో ఎవరం అడగలేదు, ఆయన చెప్పలేదు. బాబాయిగారు గోడకు జారగిలబడి నిలబడ్డారు.

"ఆళ్ళు నవ్వినంక గట్లెందుకు మాట్లాడినవ్‌రా?" అని అప్పుడు కొడుకుని అడిగింది ఆవిడ. "ఎవలో వేరేటోళ్ళ పిలగాడు పోయినట్టు."

ఆయన గుడ్డతో మెడ తుడుచుకుంటూ ఉండిపోయారు. పిన్నిగారు అందరికీ పానకం గ్లాసులు పంచింది. ఆయన తీసుకుని తాగి, గ్లాసు కడిగి బోర్లించి, తల్లిని రిక్షా ఎక్కించుకుని వెళ్ళిపోయారు.

తర్వాత ఆయన రిహార్సల్సుకు రాలేదు. ఒక ఆదివారం బాబాయిగారూ, పిన్నిగారూ, నేనూ వాళ్ళింటికి వెళ్ళాం. మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ ఇప్పించారు. "మీ తప్పేం లేదు సార్. ఇస్కూల్ల పని ఎక్కువైంది" అన్నారు. బాబాయిగారు ఏదో చెప్పబోయి, ఎండల గురించి మాట్లాడి లేచారు. ఆ వేసవిలో గొడవలు ముదిరి కర్ఫ్యూలు పెట్టారు. బట్టల కొట్టాయన భయపడి గది ఇవ్వనన్నాడు. మరుసటేడు మార్చి ఇరవై ఏడున బాబాయిగారు పిన్నిగారితో మా ఆఫీసుకొచ్చి గుర్తు చేస్తే, ముగ్గురం ఆబిడ్స్‌లో ఇరానీ హోటల్లో కూర్చుని టీ తాగాం. నాటకం మాట ఎవరం ఎత్తలేదు. బాబాయిగారు రిటైరై గుంటూరు వైపు వెళ్ళిపోయారు. నాకు పెళ్ళయింది, మా వారికి నాటకాలంటే గిట్టదు. కొన్నాళ్ళకి ఆ తారీఖు కూడా మామూలు తారీఖుల్లో కలిసిపోయింది.

ఆరేడేళ్ళ తర్వాత, డెబ్బై అయిదులోనో ఆరులోనో, ఆబిడ్స్ బస్టాపులో మాష్టారు కనిపించారు. జుట్టు పూర్తిగా నెరిసింది. పక్కన స్కూలు డ్రస్సులో కూతురు.

"బాగున్నారా అండీ?" అన్నారు.

అమ్మ ఎలా ఉన్నారని అడిగాను.

"అమ్మ రెండేళ్ళ క్రితం పోయారండీ."

"మీరెందుకిలా మాట్లాడుతున్నారు అన్నయ్యా?"

"అలవాటైపోయిందండీ. ఇంట్లో కూడా ఇదే. పిల్లలకి రేపు ఉద్యోగాల్లో ఇబ్బంది ఉండదు." ఆ పిల్ల తండ్రి చొక్కా అంచు పట్టుకుని నన్ను చూస్తోంది.

"బట్టల కొట్టు మీది గదిలో ఆ సాయంత్రం మీరు చేసినట్టు నేనింక ఎక్కడా చూడలేదు" అన్నాను.

ఆయన కొంచెం ఆలోచించినట్టు మొహం పెట్టి, "ఏ సాయంత్రమండీ?" అన్నారు.

నిజంగానే మరిచిపోయారో, మరిచిపోయినట్టు ఉండటం కూడా నేర్చుకున్నారో నాకు తెలియలేదు. ఈలోగా బస్సు వచ్చింది. జనం తోసుకుంటుంటే కూతుర్ని ముందు ఎక్కించి, తను ఫుట్‌బోర్డు మీద నిలబడి కమ్మీ పట్టుకున్నారు. బస్సు నాంపల్లి వైపు కదిలింది.